తెరచాప పడవలో మరుగుదొడ్డి

పిల్లలూ, ఈ నెల నేను రాసే విషయం పేరు చదవగానే మీలో కొందరు ముక్కు మూసుకుంటారు, కొందరు కిసుక్కుమంటారు. ఫరవాలేదు. నవ్వడం అయిపోయాక తీరుబడిగా చదవండి. ఇది ఒక అమ్మాయికి నేను బాకీపడ్డ జవాబు.

మన నౌకాదళంలోని ఆరుగురు మహిళా అధికారులు 'తారిణి' అనే తెరచాప పడవలో భూమిని చుట్టివచ్చారు. 2017 సెప్టెంబరు 10 న గోవాలో బయలుదేరి, 2018 మే 21 న మళ్ళీ గోవా చేరారు. వాళ్ళలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. పడవ పొడవు 17 మీటర్లు మాత్రమే.

అప్పటికి నేనింకా ప్రధానోపాధ్యాయుడుగా పని చేస్తున్నాను. వేసవి సెలవులయి బడి తెరవగానే ఏడవ తరగతికి వెళ్ళి, బల్లమీద గోళం పెట్టి, వాళ్ళు వెళ్ళిన దారి వేలితో చూపించాను. ఆస్ట్రేలియా, న్యూజీలాండు, దక్షిణ అమెరికా కొస, ఫాక్‌లాండ్ దీవులు, ఆఫ్రికా కొస, మళ్ళీ గోవా. అంతా చెప్పి, "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అన్నాను.

వెనక బల్ల మీదినుంచి ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, అన్ని నెలలూ వాళ్ళు దొడ్డికి ఎక్కడికి వెళ్ళారండీ?" అని అడిగింది.

తరగతి అంతా గొల్లుమంది. ఆ పిల్ల మొహం ఇంత చేసుకుని కూచుండిపోయింది.

"నవ్వకండి. ఆరుగురు మనుషులు ఎనిమిది నెలలు నీళ్ళమీద బతికారంటే, ఈ ప్రశ్నకు వాళ్ళు ముందే జవాబు ఆలోచించుకుని ఉండాలి. నాకు తెలియదమ్మా. తెలుసుకుని చెబుతాను," అన్నాను.

తరవాత నేను ఉద్యోగం విరమించాను. బాకీ మాత్రం అట్లాగే ఉండిపోయింది.

మొన్న చలికాలంలో కొచ్చి వెళ్ళినప్పుడు అది తీర్చుకునే అవకాశం వచ్చింది. అక్కడ బోల్గాటీ దీవి దగ్గర తెరచాప పడవలు ఆగే రేవు ఒకటి ఉన్నది. దేశదేశాలనుంచి వచ్చే పడవలు అందులో కట్టి ఉంటాయి. వాటిని కనిపెట్టి ఉండి మరమ్మతులు చేసేవాళ్ళలో నా పాత శిష్యుడొకడున్నాడు. గోదావరి ఒడ్డున పుట్టినవాడు. వాళ్ళ నాన్న లాంచీ నడిపేవాడు. నన్ను చూడగానే పరుగెత్తుకొచ్చి, "మాస్టారూ, ఏం చూస్తారు?" అన్నాడు.

"నాకు మరుగుదొడ్డి చూపించు," అన్నాను.

వాడు తెల్లబోయాడు. సంగతంతా చెప్పాక నవ్వి, "రండి మాస్టారూ. పడవలో అన్నిటికన్న ముఖ్యమైనది అదే. అది చెడితే కంపు కొట్టడం ఒక్కటే కాదు, పడవే మునిగిపోవచ్చు," అన్నాడు.

ఆ మాట నేను నమ్మలేదు. సాయంత్రానికి నమ్మవలసి వచ్చింది.

అలమారంత గది

వాడు తీసుకుపోయిన పడవ 11 మీటర్ల పొడవుంటుంది. యజమాని ఊళ్ళు చూడబోయాడు. నాలుగు మెట్లు దిగి లోపలికి వెళ్ళి, తల వంచి ఒక చిన్న తలుపు తోసుకుని చూస్తే, మన ఇళ్ళల్లో బట్టల అలమారు ఎంత ఉంటుందో అంత గది. అందులో నేలకు బిగించిన పింగాణీ తొట్టి, దాని పక్కన చేతితో కొట్టే పంపు, గోడకు పట్టుకునే కడ్డీ. పడవ ఊగుతూంటే పడిపోకుండా ఆ కడ్డీ పట్టుకుని కూచోవాలి.

నావికులు ఈ గదిని 'హెడ్' అంటారు. అంటే తల. వెనకటి కాలపు పెద్ద తెరచాప ఓడల్లో నావికుల మరుగుదొడ్డి ఓడ ముందు కొసన, అంటే తలదగ్గర, ఉండేది. గాలి వెనకనుంచి తోస్తుంది గనక కంపు ఓడమీదికి రాకుండా ముందుకు పోయేది. ఎగసిపడే అలలు ఆ చోటును కడిగేవి. మరుగుదొడ్డి తలదగ్గరనుంచి లోపలికి వచ్చినా, పేరు మాత్రం పోలేదు.

మన ఇంట్లో దొడ్డికి పైన నీళ్ళ తొట్టి ఉంటుంది. మీట నొక్కితే నీళ్ళు పైనుంచి కిందికి దూకి, అంతా కడుక్కుని పల్లానికి పోతుంది. పడవలో ఇది కుదరదు. ఎందుకంటే దొడ్డి నీటిమట్టానికి ఇంచుమించు సమానంగానో, ఇంకా కిందనో ఉంటుంది. బయట సముద్రం ఎత్తులోనూ, మన తొట్టి పల్లంలోనూ ఉన్నవన్నమాట! పల్లంనుంచి ఎత్తుకు పంపాలంటే పంపు కావాలి. పైగా మంచినీళ్ళు తాగడానికే కొలుచుకుని వాడాలి గనక, కడగడానికి సముద్రపు నీరే లోపలికి లాగాలి.

అందుకని పడవ పొట్టకు నీటిమట్టం కిందుగా రెండు కన్నాలు పెడతారు. ఒకటి నీరు వచ్చే కన్నం, ఒకటి పోయే కన్నం. ఒక్కొక్కదానికి లోపలివైపు గట్టి కుళాయి ఉంటుంది. దీన్ని 'సీకాక్' అంటారు. వచ్చే గొట్టం సాధారణంగా 19 మిల్లీమీటర్ల లావు, పోయే గొట్టం 38 మిల్లీమీటర్ల లావు.

ఇక పంపు సంగతి. సైకిలు పంపులో మాదిరే ఇందులోనూ ఒక ముషలకం పైకీ కిందికీ ఆడుతుంది. సైకిలు పంపు ఒక పనే చేస్తుంది. ఇది రెండు పనులు చేస్తుంది. పిడి పైకి లాగామనుకోండి. ముషలకం కిందిభాగంలోకి తొట్టిలోని మురికి వస్తుంది. అదే సమయంలో పైభాగంలో ఉన్న సముద్రపు నీరు తొట్టిలోకి పోతుంది. పిడి కిందికి నొక్కితే కింద ఉన్న మురికి బయటికి పోతుంది. పైభాగంలోకి కొత్త సముద్రపు నీరు వస్తుంది. వచ్చింది వెనక్కి పోకుండా, పోయింది తిరిగి రాకుండా దారిలో రబ్బరు కవాటాలు ఉంటాయి. బయటికి పోయే దారిలో ఉన్న కవాటం బాతుముక్కులాగా ఉంటుంది. లోపలినుంచి తోస్తే ముక్కు తెరుచుకుంటుంది; బయటినుంచి తోస్తే మూసుకుంటుంది. ఇంగ్లీషువాళ్ళు దీనికి 'జోకర్ వాల్వ్' అని తమాషా పేరు పెట్టారు గాని, ఇది చేసే పని మాత్రం తమాషా కాదు.

పంపుమీద చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని ఒక పక్కకు తిప్పితే సముద్రపు నీరు తొట్టిలోకి వస్తుంది. రెండో పక్కకు తిప్పితే నీరు రావడం ఆగి, తొట్టి ఖాళీ అవుతుంది.

నేను చేసిన తప్పు

ఇదంతా చూశాక నాకూ ఆ గది అవసరం కలిగింది. శిష్యుడు కుళాయిలు రెండూ తెరిచి, "ముందు నాలుగు ఊపులు కొట్టి తొట్టి తడపండి. తరవాత నీళ్ళతో బాగా కొట్టండి. చివర మీట తిప్పి ఖాళీ చెయ్యండి. మీట ఆ పక్కనే ఉంచెయ్యండి. కుళాయిలు నేను మూస్తాను," అని చెప్పి పైకి వెళ్ళాడు.

ఎన్ని ఊపులు కొట్టాలి? తొట్టి శుభ్రంగా కనిపించగానే ఆపేస్తే మురికి గొట్టంలోనే ఆగిపోతుంది. దీనికి ఒక లెక్క ఉన్నది, చెయ్యండి. గొట్టం లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లు, పొడవు 3 మీటర్లు. అందులో పట్టే నీరు సుమారు 3.4 లీటర్లు. ఒక్క ఊపుకు పావు లీటరు కదులుతుందనుకుంటే, గొట్టం పూర్తిగా కడగడానికి 14 ఊపులు కావాలి. లెక్కల మాస్టారిని గనక నేను ఊపులన్నీ సరిగానే కొట్టాను. పైకి వచ్చి, రేవు చూస్తూ టీ తాగాము. ఇంతలో పక్క పడవవాళ్ళు పిలిస్తే వాడు అటు వెళ్ళాడు.

వాడు తిరిగి వచ్చి లోపలికి దిగీ దిగగానే, "మాస్టారూ!" అని కేక పెట్టాడు.

నేను వెళ్ళి చూద్దును గదా, తొట్టి అంచులదాకా నిండి పొర్లుతున్నది. నేలమీద చీలమండల లోతు నీళ్ళు. వాడు వంగి ముందు కుళాయి మూసి, తరవాత మీట తిప్పాడు. నీరు ఆగిపోయింది.

"మీట తిప్పడం మరిచారు," అన్నాడు మెల్లిగా.

నా తల తిరిగిపోయింది. కుళాయి కట్టకుండా వచ్చిన పిల్లల్ని నా ఉద్యోగకాలంలో ఎంతమందిని బల్ల ఎక్కించానో! ఇప్పుడు నన్ను ఏ బల్ల ఎక్కించాలి?

వాడు నన్ను సముదాయించాడు. "తప్పు మీదొక్కరిదే కాదు మాస్టారూ. కుళాయి మూస్తానని నేను మూయలేదు. ఇంకొకటి కూడా ఉండాలి. చూద్దాం," అని గోడలో ఉన్న చెక్క తలుపు తీశాడు. అక్కడ ఒక గొట్టం తలకిందులు చేసిన 'U' అక్షరంలాగా పైకి లేచి కిందికి దిగుతున్నది. దాని నడినెత్తిన వేలెడంత కవాటం ఉన్నది. ఊడదీసి చూపించాడు. దాని నోటినిండా ఉప్పు పేరుకుని ఉన్నది.

నీరు తనంతట తానే ఎందుకు వచ్చింది?

పీపాలోని నీళ్ళు రబ్బరు గొట్టంతో బిందెలోకి తీయడం మీరు చూసే ఉంటారు. గొట్టం ఒక కొస పీపాలో ముంచి, రెండో కొస నోటితో ఒకసారి పీల్చి కిందికి వదిలితే, నీరు పీపా అంచు ఎక్కి దిగి అదేపనిగా పడుతూ ఉంటుంది. దీన్ని సైఫన్ అంటారు. పీపాలో నీటిమట్టం ఎత్తులోనూ, గొట్టం రెండో కొస పల్లంలోనూ ఉన్నంతసేపూ ఇది ఆగదు.

పడవలో పీపా అంటే సముద్రమే. పంపు ఒకసారి నీటిని గొట్టం నిండా లాగి వదిలితే, ఆ తరవాత మనం కొట్టకపోయినా నీరు వస్తూనే ఉంటుంది. మరి సముద్రం అడుగంటదు గదా! అరమీటరు లోతున ఉన్న 19 మిల్లీమీటర్ల కన్నంలోంచి అడ్డులేకుండా నీరు వస్తే నిమిషానికి సుమారు 30 లీటర్లు వస్తుంది. గంటకు 1,800 లీటర్లు. అంటే దగ్గర దగ్గర రెండు టన్నుల బరువు. కవాటాలు అడ్డుండబట్టి నా పుణ్యాన అంత రాలేదు.

ఈ ప్రమాదం ఆపడానికే గొట్టాన్ని నీటిమట్టంకంటె బాగా ఎత్తుకు తీసుకుపోయి, నెత్తిన గాలి కవాటం పెడతారు. పంపు ఆగగానే ఆ కవాటంలోంచి గాలి లోపలికి దూరుతుంది. నీటిదార మధ్యకు తెగిపోతుంది. ఉప్పు పేరుకుంటే గాలి దూరదు, దార తెగదు. అందుకని దాన్ని అప్పుడప్పుడు ఊడదీసి గోరువెచ్చని మంచినీళ్ళలో కడగాలి.

రేవులో నిలబడి ఉన్నప్పుడు నీటిమట్టానికి పైన ఉన్న తొట్టి, ప్రయాణంలో కిందికి పోవచ్చు. తెరచాప పడవ గాలికి ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది గదా! "రేవులో బాగానే ఉన్నదే అనుకోకూడదు మాస్టారూ," అన్నాడు మావాడు.

చూశారా, పిల్లలూ! పడవకు ముగ్గురు కావలివాళ్ళున్నారు. కుళాయి ఒకడు, మీట ఒకడు, గాలి కవాటం ఒకడు. ముగ్గురిలో ఏ ఒక్కడు మేలుకుని ఉన్నా నీరు రాదు. ఆ వేళ వాడు మొదటివాణ్ణి నిద్రపుచ్చాడు, నేను రెండోవాణ్ణి నిద్రపుచ్చాను, ఉప్పు మూడోవాణ్ణి నిద్రపుచ్చింది. మనుషులు లేని పడవలో, రాత్రివేళ ఇట్లా జరిగితే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

మునిగిన జలాంతర్గామి

ఇది ఒట్టి భయం కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగియవస్తున్న రోజుల్లో జర్మనీవారి 'యు-1206' అనే జలాంతర్గామి స్కాట్లండు తీరాన తిరుగుతున్నది. నీటి అడుగున లోతుకు పోయినకొద్దీ బయటి నీటి ఒత్తిడి పెరుగుతుందని మీకు తెలుసు. పాత జలాంతర్గాములు పైకి వచ్చినప్పుడే మురికి బయటికి వదలగలిగేవి. ఇందులో లోతున ఉండగా కూడా వదలగలిగే కొత్తరకం దొడ్డి ఉన్నది. దాని కవాటాలు ఒక వరసలో తెరవాలి, ఒక వరసలో మూయాలి.

1945 ఏప్రిల్ 14 న ఆ వరస తప్పింది. సముద్రం లోపలికి చిమ్ముకొచ్చింది. దొడ్డి కింది గదిలో విద్యుత్తు నిలవచేసే బ్యాటరీలున్నాయి. ఉప్పునీరు వాటిమీద పడి, క్లోరిన్ అనే విషవాయువు పుట్టింది. ఊపిరాడక జలాంతర్గామిని పైకి తేవలసి వచ్చింది. తేగానే శత్రువిమానాలు దాడిచేశాయి. కెప్టెన్ ష్లిట్ తన జలాంతర్గామిని తానే ముంచివేసి, మనుషుల్ని దిగిపొమ్మన్నాడు. నలుగురు నావికులు చనిపోయారు. ఫిరంగులున్న జలాంతర్గామి, మరుగుదొడ్డి దగ్గర మొదలైన పొరపాటుతో పోయింది.

జబ్బు కనిపెట్టడం

మరమ్మతు చేసేవాడు వైద్యుడివంటివాడు. కనపడగానే కత్తి తీయకూడదు. ముందు తేలిక కారణాలు చూసి, తరవాత కష్టమైనవి చూడాలి. మావాడు చెప్పిన పద్ధతి ఇది.

నీళ్ళు రాకపోతే, మొదట కుళాయి తెరిచి ఉన్నదా, మీట సరైన పక్కకు ఉన్నదా అని చూడాలి. సగం జబ్బులు ఇక్కడే కుదురుతాయట. అవి బాగుంటే, పడవ బయట కన్నానికి నాచో, ప్లాస్టిక్ సంచీయో అడ్డుపడిందేమో చూడాలి. అదీ కాకపోతే, గొట్టం బిగించిన పట్టీ వదులై గాలి పీలుస్తున్నదేమో చూడాలి. గాలి దూరితే పంపు నీటిని లాగలేదు. ఇవేవీ కాకపోతేనే పంపు విప్పి ముషలకం చుట్టూ ఉండే రబ్బరు ఉంగరం అరిగిందేమో చూడాలి.

పిడి బిగుసుకుంటే, ఎప్పుడు బిగుస్తున్నదో గమనించాలి. పైకి లాగినా కిందికి నొక్కినా ఒకేలా బిగుస్తూంటే లోపలి రబ్బరు ఎండిపోయిందన్నమాట. రబ్బరుకు హాని చెయ్యని గ్రీజు కాస్త రాస్తే సరి. కిందికి నొక్కినప్పుడే బిగిసి, వదలగానే పిడి పైకి ఎగదన్నితే, బయటికి పోయే దారి మూసుకుందన్నమాట. అప్పుడు బలం చూపించకూడదు. కుళాయి మూసి ఉండగా బలంగా కొడితే గొట్టం ఊడి వస్తుంది. తరవాత ఆ గది ఎట్లా ఉంటుందో నేను రాయను.

దారి ఎందుకు మూసుకుంటుంది? గుడ్డపీలికలు, దూది, వెంట్రుకలు, తడికాగితాలు వేయడంవల్ల. అందుకని చాలా పడవల్లో ఒక మాట రాసి పెడతారు: నువ్వు తిని అరిగించుకున్నది తప్ప ఇందులో ఏమీ వేయకు.

పంపిన నీరు తిరిగి తొట్టిలోకి వస్తూంటే, బాతుముక్కు కవాటం పెదవులు సాగిపోయి ఉంటాయి, లేదా వాటి మధ్య ఏదో చిక్కుకుని ఉంటుంది. దాన్ని ఏడాదికొకసారి మార్చేయడం మంచిది. ఖరీదు తక్కువ, సుఖం ఎక్కువ.

కంపు కొడితే? ఇక్కడ ఒక వింత చెప్పాడు. ఎంత కడిగినా కంపు పోకపోతే, దోషం మనది కాకపోవచ్చు. సముద్రపు నీటిలో కంటికి కనిపించని ప్రాణులు లెక్కలేనన్ని ఉంటాయి. నీరు గొట్టంలో రోజులతరబడి కదలకుండా ఉంటే అవి చచ్చి కుళ్ళి, కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు వాయువు పుడుతుంది. అందుకని పడవ వదిలి వెళ్ళేముందు కాసిని మంచినీళ్ళతో అంతా కడిగి పెట్టాలి. గొట్టమే వాసన పీల్చుకుందేమో చూడటానికి ఒక పరీక్ష ఉన్నది. వేడినీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డతో గొట్టాన్ని పైన తుడిచి, గుడ్డ వాసన చూడాలి. గుడ్డ కంపు కొడితే ఆ గొట్టం మార్చవలసిందే.

అన్నిటికంటె మెల్లగా వచ్చే జబ్బు గార. మూత్రమూ ఉప్పునీరూ కలిసిన చోట సున్నపు పదార్థం పుట్టి, పళ్ళకు గార పట్టినట్టు గొట్టం లోపల పడుతుంది. మావాడు ఊడదీసి ఉంచిన గొట్టం ముక్క చూపించాడు. 38 మిల్లీమీటర్ల దారిలో నా బొటనవేలు కూడా దూరలేదు. దీనికి మందు పులుపు. అప్పుడప్పుడు వెనిగర్ పోసి, గొట్టంలోకి పంపి, రాత్రంతా నిలవ ఉంచితే గార మెత్తబడుతుంది. మరీ ముదిరితే గొట్టం ఊడదీసి, ఒడ్డుమీద చాకలి బండకు బాదినట్టు బాదుతారు. గార పెచ్చులుగా రాలుతుంది. పులుపు పోసినప్పుడు బ్లీచింగు మాత్రం కలపకూడదు. కలిపితే జలాంతర్గామిలో పుట్టిన క్లోరినే ఇక్కడా పుడుతుంది. ఇంట్లో దొడ్లు కడిగే మీ అమ్మగారికీ నాన్నగారికీ కూడా ఈ మాట చెప్పండి.

జబ్బు రాకముందే చేసే పనులు ఇంకా కొన్ని ఉన్నాయి. కుళాయిలను నెలకొకసారైనా తిప్పి చూడాలి. తిప్పకపోతే బిగుసుకుపోయి, అవసరానికి కదలవు. ప్రతి గొట్టానికీ ఒక పట్టీ కాక రెండేసి పట్టీలు బిగించాలి. ప్రతి కుళాయి పక్కనా ఒక మెత్తని కొయ్యబిరడా తాడుతో కట్టి ఉంచాలి; కుళాయి విరిగితే ఆ బిరడాయే ప్రాణం కాపాడుతుంది. పంపు విప్పబోయేముందు రెండు కుళాయిలూ మూయాలి. మూశానని అనుకోవడం కాదు, చేత్తో తాకి చూడాలి.

మురికి ఎక్కడికి పోతుంది?

మీలో తెలివైనవాళ్ళు ఈపాటికి ఈ ప్రశ్న అడుగుతూ ఉంటారు. రేవుల్లోనూ ఒడ్డు దగ్గరా మురికి నీళ్ళలోకి వదిలితే ఈదేవాళ్ళకూ, చేపలు తినేవాళ్ళకూ రోగాలు వస్తాయి. అందుకని చాలా పడవల్లో నిలవ తొట్టి ఒకటి పెడతారు. రేవులో ఉన్నంతకాలం మురికి దానిలో చేరుతుంది; ఒడ్డునుంచి గొట్టం తగిలించి లాగేస్తారు. ఆ తొట్టికి గాలి పోవడానికి సన్నని గొట్టం ఉంటుంది. పురుగులు గూడు పెట్టో, ఉప్పు పేరుకునో అది పూడిపోతే, తొట్టి ఉబ్బిపోతుంది, కంపూ ఎక్కువవుతుంది.

పెద్ద ఓడలకు అంతర్జాతీయ నియమం ఉన్నది. 2003 సెప్టెంబరు 27 నుంచి అమలులోకి వచ్చింది. శుద్ధి చెయ్యని మురికిని తీరానికి 12 నాటికల్ మైళ్ళకు లోపల వదలకూడదు. ఒక నాటికల్ మైలు 1,852 మీటర్లు. ఎన్ని కిలోమీటర్లో మీరే లెక్కకట్టండి. వదిలేటప్పుడు ఓడ నిలబడి ఉండకూడదు, తగిన వేగంతో పోతూ ఉండాలి. చిన్న పడవలకు ఏ దేశం చట్టం ఆ దేశానిది.

మీరు చేసి చూడండి

ఒకటి. రెండు గిన్నెలు తీసుకోండి. ఒకటి నీళ్ళతో నింపి పీటమీద, రెండోది ఖాళీగా కింద పెట్టండి. మూరెడు మెత్తని గొట్టం తీసుకుని నడుమ దబ్బనంతో కన్నం పొడవండి. పెద్దవాళ్ళచేత పొడిపించుకోండి. కన్నం మీద వేలు నొక్కిపట్టి, గొట్టాన్ని నీళ్ళతో నింపి, రెండు కొసలూ మూసి, రెండు గిన్నెల్లో వేసి వదలండి. కన్నం ఉన్న చోటు పై గిన్నె అంచుకంటె ఎత్తులో ఉండాలి. నీరు కిందికి పారుతుంది. ఇప్పుడు కన్నం మీది వేలు తీయండి. గాలి దూరి దార తెగుతుంది. మీ వేలే ఉప్పు, ఆ కన్నమే గాలి కవాటం.

రెండు. ఒక గ్లాసులో వెనిగర్ పోసి కోడిగుడ్డు పెంకు వేయండి. గుడ్డు తినని ఇళ్ళవారు చిన్న ఆలిచిప్ప వేయవచ్చు. బుడగలు లేవడం చూస్తారు. ఒకటి రెండు రోజుల్లో పెంకు కరిగి మెత్తని పొర మిగులుతుంది. పడవ గొట్టంలోని గార కరిగేదీ ఇంచుమించు ఇట్లాగే.

బాకీ

చీకటి పడబోతూండగా మేమిద్దరం గోచీ దోపుకున్నట్టు పంట్లాములు పైకి మడుచుకుని, ఆ గదిలోని నీళ్ళు తోడి, గుడ్డలతో తుడిచాము. వాడు వద్దంటున్నా నేను వినలేదు. నేను పోసిన నీళ్ళు నేనే తుడవాలి గదా!

తుడుస్తూ, "ఈ పని చెయ్యడానికి యజమాని ఎవరినైనా పెట్టుకుంటాడా?" అని అడిగాను.

"రేవులో ఉంటే నన్ను పిలుస్తాడు. నడిసముద్రంలో ఎవర్ని పిలుస్తాడు మాస్టారూ? ఎంత కోటీశ్వరుడైనా చొక్కా విప్పి తనే చేతులు పెట్టాలి. అందుకే వాళ్ళెవరూ దీన్ని నీచమైన పని అనుకోరు," అన్నాడు.

ఆ మాట విని నాకు ఒక పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. నేను పనిచేసిన ఒక బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డికి కుళాయి పాడయింది. ఎవరో ఒకరు బాగుచేస్తారులే అనుకుని తాళం వేయించాను. అది రెండు నెలలు అట్లాగే ఉండిపోయింది. ఆ రెండు నెలలూ పెద్ద తరగతుల ఆడపిల్లలు ఇంటినుంచి వచ్చేటప్పుడు నీళ్ళు తాగకుండా వచ్చేవాళ్ళనీ, కొందరు రావడమే మానుకున్నారనీ నాకు తరవాత తెలిసింది. పాడయిన సామాను కుళాయిలోపలి ఒక రబ్బరు బిళ్ళ. దాన్ని నేనే మార్చగలిగి ఉండేవాణ్ణి.

ఏడవ తరగతిలో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు ఇప్పటికి దొరికింది. అమ్మా, నువ్వు ఎక్కడున్నా ఇది చదివితే, నీ మాస్టారు బాకీ తీర్చాడనుకో. ఆ రోజు నవ్వినవాళ్ళలో ఎవరైనా చదివితే, మీ ఇంటిలోనో మీ పిల్లల బడిలోనో కారుతున్న కుళాయి ఏదైనా ఉన్నదేమో ఒకసారి చూసి రండి. చూసి, కట్టేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.